తుపాకి చట్టం – పౌరుని హక్కు

అమెరికాలో ఏ ఊళ్ళో నలుగురు తెలుగువాళ్ళు చేరినా, భోజనాలయ్యాక ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న రాక మానదు: ఇంత చదువు, ఇంత సంపద ఉన్న దేశం తుపాకుల మీద ఒక గట్టి చట్టం ఎందుకు చేసుకోలేకపోతున్నది? ఒకరు “రాజ్యాంగంలో హక్కు ఉంది కదండీ” అంటారు. ఇంకొకరు “అదంతా తుపాకుల కంపెనీల డబ్బు మహిమ” అంటారు. అంతలో కాఫీలు వస్తాయి, చర్చ ముగుస్తుంది. ఆ రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని ఈ తగవుకు పెద్ద చరిత్ర ఉంది. అందులో మన దేశంలో మన తాతలు అనుభవించినదానికి అచ్చంగా సరిపోలే ఘట్టాలు కూడా ఉన్నాయి. వాటిని చదువరుల ముందు ఉంచడమే మా ఉద్దేశం.

ముందు మన సంగతి చూద్దాం. 1878లో లిట్టన్ దొర వైస్రాయిగా ఉండగా భారతదేశానికి ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. కలమూ కత్తీ రెండూ ఒకే సంవత్సరంలో సర్కారు గుప్పిట్లోకి పోయాయన్నమాట. ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి కావలసిన భారతీయుడు అధికారి దగ్గర లైసెన్సు పుచ్చుకోవాలి. తెల్లవాడికి అక్కరలేదు. కొడగు జాతివారి వంటి కొద్దిమందికి మినహాయింపు దొరికింది. పంట మీద పడే అడవిపందిని తోలుకోవాలన్నా మన రైతు అర్జీ పెట్టుకొని దొరగారి దయ కోసం కాచుకోవలసిందే. గమనించవలసినది ఏమంటే, అందులో అవమానం లైసెన్సు అనే కాగితంలో లేదు. ఆ కాగితం ఎవరికివ్వాలో, ఎవరికి కూడదో చర్మం రంగును బట్టీ, అధికారి ఇష్టాన్ని బట్టీ నిర్ణయించడంలో ఉంది.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద, 23న కృష్ణదేవిపేట మీద, 24న రాజవొమ్మంగి మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన కథ మనలో తెలియనివారు లేరు. మూడు రోజుల్లో మూడు ఠాణాల నుంచి దొరికినవి 26 తుపాకులు. సర్కారుతో పోరాడదలచిన మన్యంలో తుపాకి ఉన్న చోటు ఠాణా ఒక్కటే అని ఈ కథే చెబుతున్నది. అహింసకు మారుపేరైన గాంధీజీ సైతం 1930లో ఉప్పు సత్యాగ్రహానికి ముందు ప్రభుత్వం ఎదుట పెట్టిన పదకొండు కోరికలలో, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలనీ, వాటిపై అదుపు ప్రజలకు ఉండాలనీ ఒక కోరిక ఉంది. 1931 నాటి కరాచీ తీర్మానంలో కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలోనూ, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు చేరింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆ హక్కును చేర్చుదామని కామత్ గారు సవరణ తెచ్చారు. అంబేద్కర్ గారు ఒప్పుకోలేదు. దేశానికి ఆపద వచ్చినప్పుడు ఆయుధం పట్టడం పౌరుని బాధ్యత కావాలి గాని, విడివిడిగా ప్రతివాడికీ హక్కు కారాదన్నది ఆయన వాదం. సవరణ వీగిపోయింది. నేటి భారత రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావచ్చునని ఉంది. డెబ్బై ఏళ్ళు నిరాయుధులుగా బతికిన జాతి, ఆ హక్కు చేతికందే వేళ వద్దనుకున్నది. 1959లో కొత్త చట్టం వచ్చింది గాని, లైసెన్సు పద్ధతి మాత్రం పోలేదు.

ఇక అమెరికాకు వద్దాం. ఇక్కడ ప్రజలు సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టారు. 1775 ఏప్రిల్‌లో బ్రిటిషు సైన్యం మాసచూసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్ళో దాచిన మందుగుండు, ఆయుధాలు స్వాధీనం చేసుకోవడానికి బయలుదేరడంతోనే వారి స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ఆ జ్ఞాపకం చల్లారకముందే, 1791 డిసెంబరు 15న రాజ్యాంగానికి పది సవరణలు చేరాయి. అందులో రెండవది ఆయుధాలను గురించినది. ఇంగ్లీషులో అది మొత్తం 27 మాటలు. మొదటి సగం, స్వేచ్ఛగల రాజ్యానికి క్రమశిక్షణగల పౌరసేన అవసరమంటుంది. రెండవ సగం, ఆయుధాలు ఉంచుకొని ధరించే ప్రజల హక్కుకు భంగం రాకూడదంటుంది. మొదటి సగం రెండవదానికి హద్దా, లేక ఉత్తి ఉపోద్ఘాతమా? రెండు వందల ఏళ్ళుగా లాయర్లు, ప్రొఫెసర్లు ఆ నడిమి కామా దగ్గరే కూర్చొని తగవులాడుతున్నారు.

ఆనాడు ప్రజలు అన్న మాటలో నల్లజాతి బానిసలు లేరు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, 1865లోనే మిసిసిపి రాష్ట్రం ఒక చట్టం చేసింది. స్వేచ్ఛ పొందిన నల్లవాడు తుపాకి ఉంచుకోవాలంటే కౌంటీ పోలీసు బోర్డు లైసెన్సు ఇవ్వాలి. పదమూడేళ్ళ తరువాత వచ్చిన లిట్టన్ దొర చట్టాన్ని దీని పక్కన పెట్టి చూడండి, అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఇటువంటి చట్టాలను అరికట్టాలన్నది 1868లో 14వ సవరణ తెచ్చినవారి ఆశయాలలో ఒకటి. కాని 1873లో లూయిజియానాలోని కోల్‌ఫాక్స్‌లో పదుల కొద్దీ నల్లవారిని ఊచకోత కోసిన కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, 1876లో న్యాయమూర్తులు రెండవ సవరణ కట్టడి చేసేది జాతీయ ప్రభుత్వాన్ని మాత్రమేనని తీర్పు చెప్పారు. పాపం, ఆ హక్కు అవసరమైనవారికి అది అక్కరకు రాలేదు.

1911లో న్యూయార్కు రాష్ట్రం పిస్తోళ్ళకు లైసెన్సు పెట్టింది. ఇటలీ నుంచి కొత్తగా దిగుతున్న వలసవారి మీది భయం ఆ చట్టం వెనకనున్న కారణాలలో ఒకటి. 1956లో అలబామాలోని మాంట్‌గోమరీలో తన ఇంటి మీద బాంబు పడ్డాక, మార్టిన్ లూథర్ కింగ్ గారు తుపాకి దగ్గర ఉంచుకోవడానికి అనుమతి కోరారు. అధికారులు నిరాకరించారు. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్ దళంవారు గుండ్లు నింపిన తుపాకులతో శాసనసభలోకి నడిచారు. ఆ ఏడాదే, తుపాకి నింపుకొని బహిరంగంగా తిరగడాన్ని నిషేధించే బిల్లు మీద గవర్నరు రీగన్ గారు సంతకం చేశారు. ఆయుధాల చట్టాన్ని చూసి హక్కులకు ముప్పని భయపడేవారంతా మతిలేనివారో, అమ్ముడుపోయినవారో అని కొట్టిపారేయడానికి వీలులేదని ఈ చరిత్ర మనకు చెబుతుంది. లైసెన్సు ఇచ్చే చేయి ఎవరిదో, అది ఎవరికి ఇస్తుందో అన్న అనుమానం ఉత్తిగా పుట్టినది కాదు.

అయితే జాతీయస్థాయిలో ప్రతిపాదించిన చట్టాల కథ వేరు. ఇక్కడ హక్కులమీది భయం కన్నా, ప్రతి బిల్లూ ఒక చావుతో పుట్టి, సగం చచ్చి బయటకు రావడం కనిపిస్తుంది.

మద్యనిషేధపు రోజుల్లో దొంగముఠాలు మరతుపాకులతో వీధుల్లో కాల్చుకున్నాయి. 1929లో చికాగోలో వాలెంటైన్ పండుగనాడు ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చారు. 1934లో మొదటి జాతీయ చట్టం వచ్చింది. ముసాయిదాలో పిస్తోళ్ళు కూడా ఉన్నాయి. చివరకు వాటిని తీసేసి, మరతుపాకులు, గొట్టం కోసిన తుపాకులు మొదలైన వాటికి మాత్రం రిజిస్ట్రేషను, 200 డాలర్ల పన్ను పెట్టారు. ఆనాటి జాతీయ రైఫిల్ సంఘం అధ్యక్షుడే, జనం విచ్చలవిడిగా తుపాకులు పట్టుకు తిరగడం తనకు సమ్మతం కాదని అమెరికన్ కాంగ్రెసు కమిటీ ముందు చెప్పాడు. 1871లో గురి నేర్పడానికి పుట్టిన సంఘం అది. 1939లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, గొట్టం కోసిన తుపాకికి పౌరసేనతో సంబంధం చూపలేదు కాబట్టి దానికి రెండవ సవరణ రక్షణ లేదని తేల్చింది.

1963 నవంబరు 22న కెనడీ గారిని చంపిన రైఫిలు చికాగోలోని ఒక ఆటసామాన్ల దుకాణం నుంచి పోస్టులో వచ్చింది. ఖరీదు, పోస్టేజీ కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. దొంగ పేరుతో తెప్పించుకున్నాడు. ఆ దుకాణం ప్రకటన పడింది రైఫిల్ సంఘంవారి పత్రికలోనే. పోస్టులో పిస్తోళ్ళు అమ్మడాన్ని అరికట్టాలని సెనేటరు డాడ్ గారు అప్పటికే బిల్లు పెట్టి ఉన్నారు. హత్య తరువాత రైఫిళ్ళను కూడా అందులో చేర్చారు. అయినా ఐదేళ్ళు కదలలేదు. 1968 ఏప్రిల్ 4న కింగ్ గారు, జూన్ 6న రాబర్ట్ కెనడీ గారు పోయాక గాని కదలిక రాలేదు. ప్రెసిడెంటు జాన్సన్ గారు దేశంలోని ప్రతి తుపాకికి రిజిస్ట్రేషను, ప్రతి యజమానికి లైసెన్సు ఉండాలని అడిగారు. రిజిస్టరు ఉంటే ఏదో ఒకరోజు ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి తుపాకులు లాక్కుంటుందని ప్రత్యర్థులు అన్నారు. 1968 అక్టోబరు 22న సంతకమైన చట్టంలో ఆ రెండూ లేవు. పోస్టులో అమ్మకం ఆగింది. వ్యాపారులకు లైసెన్సులు వచ్చాయి. పెద్దనేరాలలో శిక్షపడినవారికి, మరికొన్ని తరగతులవారికి తుపాకి కూడదన్నారు. తాను కోరినది దక్కలేదని జాన్సన్ గారు ఆనాడే బాధపడ్డారు.

1977లో సిన్సినాటి నగరంలో జరిగిన వార్షిక సభలో రైఫిల్ సంఘం సభ్యులే తిరగబడి పాత నాయకులను దించారు. అప్పటి నుంచి గురి నేర్పే సంఘం కాస్తా రాజ్యాంగ హక్కు పేరుతో పోరాడే రాజకీయ సంఘమయింది. 1986లో వచ్చిన చట్టం, కొత్తగా తయారయ్యే మరతుపాకులు పౌరులకు అమ్మరాదని ఒకవైపు అంటూనే, జాతీయ తుపాకి రిజిస్టరును నిషేధించింది. జాన్సన్ గారు అడిగినదానిని పద్దెనిమిదేళ్ళ తరువాత చట్టమే కూడదన్నది.

1981 మార్చి 30న రీగన్ గారి మీద జరిగిన కాల్పుల్లో ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ తలకు గుండు తగిలింది. ఆయన పేరుతో బిల్లు 1987లో మొదలై, 1993 నవంబరు 30న చట్టమయింది. కొనేవాని పూర్వాపరాలు విచారించాలన్నది దాని సారాంశం. ఆ విచారణ భారం స్థానిక షెరీఫుల మీద మోపడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1998లో కంప్యూటరు పద్ధతి వచ్చింది. అందులోనూ రెండు కంతలు మిగిలాయి. లైసెన్సు గల వ్యాపారి కాకుండా మామూలు మనిషి అమ్మితే, జాతీయ చట్టం ప్రకారం విచారణ తప్పనిసరి కాదు. విచారణ మూడు పనిదినాలలో తేలకపోతే వ్యాపారి తుపాకి ఇచ్చివేయవచ్చు. 2015లో చార్ల్స్‌టన్ నగరపు చర్చిలో తొమ్మిదిమందిని చంపినవాడు ఆ రెండవ కంతలోంచే తుపాకి సంపాదించాడు. మొదటి కంతను చాలావరకు పూడ్చబోయిన బిల్లు, శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు పోయిన కొద్ది నెలలకు, 2013 ఏప్రిల్ 17న సెనేటులో 60 ఓట్లు కావలసిన చోట 54 దగ్గర ఆగిపోయింది. 1994లో కొన్ని సైనిక తరహా తుపాకుల మీద పెట్టిన నిషేధం పదేళ్ళ గడువు తీరి 2004లో దానంతట అదే పోయింది.

మరి రాజ్యాంగం మాట? ఇది చాలామందికి తెలియదు. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకి ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని సుప్రీంకోర్టు మొదటిసారి చెప్పినది 2008 జూన్ 26న, అది కూడా 5–4 తేడాతో. అంటే పైన చెప్పిన బిల్లులలో చాలాభాగం ఆ తీర్పుకు ముందే కుంటుపడ్డాయి. వాటిని ఆపినది కోర్టు కాదు, ఓట్లు. 2010లో అదే హక్కు రాష్ట్రాలకూ వర్తిస్తుందన్నారు. 1876లో నల్లవారికి దక్కనిది అప్పుడు అందరికీ దక్కింది. 2022 జూన్ 23న న్యూయార్కు 1911 చట్టంలోని ఒక ముఖ్యమైన షరతును కొట్టేశారు. తుపాకి వెంట తీసుకువెళ్ళడానికి తగిన కారణం ఉందో లేదో అధికారి ఇష్టానికి వదిలిపెట్టిన షరతు అది. ఆ షరతు పోవాలని వాదించినవారిలో, నల్లవారి తరపున, పేదల తరపున కోర్టుల్లో నిలబడే లాయర్లు కూడా ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి.

అలాగని చట్టాలన్నీ చెల్లవని కోర్టు అనలేదు. నేరస్థులకు, తీవ్ర మనోవ్యాధి ఉన్నవారికి, బడుల వంటి చోట్ల నిషేధాలు నిలుస్తాయని 2008 తీర్పులోనే ఉంది. ఇంటివారిని హింసించేవాడని కోర్టు నిర్ణయించి ఆంక్షలు పెట్టినవాని దగ్గర తుపాకి ఉండరాదన్న చట్టాన్ని 2024లో 8–1 తేడాతో నిలబెట్టారు. యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలి అయిన నెలరోజులకు, 2022 జూన్ 25న రెండు పార్టీలవారూ కలిసి ఒక చట్టం తెచ్చారు. 21 ఏళ్ళలోపువారు కొనేటప్పుడు విచారణ పెంచారు. హక్కు ఉండగా చట్టం అసాధ్యమన్న మాట, చట్టం వస్తే హక్కు పోతుందన్న మాట, రెండూ సరికావని దీనితో రుజువయింది.

వైద్యులుగా మేము ఇంకొక మాట చెప్పాలి. 2021లో ఈ దేశంలో తుపాకి గుండుతో 48,830 మంది మరణించారు. అందులో 26,328 ఆత్మహత్యలు. పత్రికల్లో పడేవి కాల్పులు. శవపరీక్షకు వచ్చేవి ఎక్కువగా ఆత్మహత్యలు. ఆంధ్రదేశంలో హౌస్ సర్జన్లుగా పనిచేసిన మా వంటివారికి క్యాజువాలిటీ అనగానే పురుగుల మందు వాసన, వరసగా ఎక్కించే అట్రోపిన్ గుర్తుకు వస్తాయి. ఆ క్షణాన చేతికి అందినదే ప్రాణం తీస్తుందన్నది అక్కడ నేర్చుకున్న పాఠం. శ్రీలంకలో 1990ల మధ్య నుంచి ప్రమాదకరమైన పురుగుల మందులను నిషేధించగా, పదేళ్ళలో ఆత్మహత్యల రేటు సగానికి పడింది. తుపాకితో ప్రయత్నించిన పదిమందిలో సుమారు తొమ్మిదిమంది దక్కరు. ఏదో ఒక విధంగా బతికి బయటపడినవారిలో అత్యధికులు మళ్ళీ ఆ దారి పట్టరు. కోపమో దుఃఖమో వచ్చిన ఆ గంటసేపు తుపాకి పెట్టెలో తాళం వేసి ఉంటే చాలు. దీనికి ఏ రాజ్యాంగ సవరణా అక్కరలేదు.

ఈ మాట చెప్పే స్వేచ్ఛ కోసం కూడా వైద్యులు కోర్టుకెక్కవలసి వచ్చింది. ఇంట్లో తుపాకి ఉందా అని రోగిని ఊరికే అడగరాదంటూ 2011లో ఫ్లోరిడా రాష్ట్రం చట్టం చేసింది. 2017లో అప్పీలు కోర్టు అందులో చాలాభాగాన్ని కొట్టివేసింది. కారణం మొదటి సవరణ, అంటే వాక్స్వాతంత్ర్యం. అంతకుముందు 1996లో, తుపాకి నియంత్రణను ప్రోత్సహించడానికి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నిధులు వాడరాదని కాంగ్రెసు షరతు పెట్టడంతో, పరిశోధన ఇరవై ఏళ్ళకు పైగా దాదాపు ఆగిపోయింది. 2019 చివర గాని దానికి మళ్ళీ ప్రత్యేకంగా నిధులు రాలేదు. ఒక హక్కును కాపాడే పేరుతో ఇంకొక హక్కును కుదించడం ఎంత తేలికో ఈ ఉదాహరణ చాలు.

ఇది మనకు పరాయి తగవు కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో, స్నేహితునితో బార్‌లో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరును జాతిద్వేషంతో కాల్చి చంపారు. ఆ వార్త విని మనలో కొందరు ఈ దేశంలో తుపాకులే ఉండకూడదన్నారు. మరికొందరు మనం కూడా ఒకటి కొని పెట్టుకోవాలన్నారు. రెండవవారికి ఒక హెచ్చరిక. చదువుకోవడానికి, ఉద్యోగానికి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి ఉంచుకోవడం 1998 నుంచి జాతీయ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు గాని, తుపాకి నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించివేయవచ్చు. తెలిసినవారి తుపాకి సరదాకు పట్టుకొని ఫోటో దిగే కుర్రవాళ్ళకు పెద్దలు ఈ సంగతి చెప్పాలి.

ఇక ముందు ఏ బిల్లు వచ్చినా, మన సెనేటరుకు ఉత్తరం రాసేముందు కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. ఈ నియమం కాగితం మీద స్పష్టంగా రాసి ఉన్నదా, లేక ఒక అధికారి మనసు మీద వేలాడుతున్నదా? తెల్లవానికీ నల్లవానికీ, నిన్న దిగినవానికీ ఏడు తరాల వానికీ ఒకటేనా? కాదన్నప్పుడు అడగడానికి ఒక కోర్టు ఉన్నదా? వీటికి అవునని జవాబు వస్తే, హక్కులకు భంగమన్న కేకకు మనం బెదరనక్కరలేదు. అప్పుడు మిగిలేది ఒక్కటే, అది చావులను తగ్గిస్తుందా అన్నది. 1878 చట్టం కింద బతికిన మన పెద్దలు ఆ చట్టాన్ని అన్యాయమన్నారు. 1948లో స్వయంగా చట్టం రాసుకునే వేళ నియంత్రణ కావాలన్నారు. వారు మాట మార్చలేదు. మొదటిది ఇతరులు మన మీద రుద్దినది, రెండవది మనం అందరికీ సమానంగా విధించుకున్నది. ఈ దేశంలో మన పిల్లలు ఓటర్లవుతున్నారు. ఈ తేడా వారికి తెలియజెప్పగలిగితే, భోజనాల తరువాతి చర్చ కాఫీల దగ్గర ఆగిపోనక్కరలేదు.